పాత ఇల్లు కొనేముందు మరమ్మతు ఖర్చు తేల్చుకోవడం ఎలా

పాతికేళ్లు దాటిన ఇండిపెండెంట్ ఇల్లు బేరానికి వస్తే, మరమ్మతుకు చదరపు అడుగుకు ఇంత అని ఒక అంకె వేసుకుని బయానా ఇచ్చేస్తుంటారు. కొత్త కట్టడానికైతే ఆ పద్ధతి నడుస్తుంది, మరమ్మతుకు నడవదు. రంగులు, టైల్స్ టేపు పెట్టి కొలిస్తే తేలిపోతాయి. లెక్క తప్పేది రోడ్డు ఎత్తు, శ్లాబు, పైపులు, వైరింగ్ దగ్గరే.

ముందు గేటు దగ్గర నిలబడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత కాలనీల్లో చాలా ఇళ్లు పల్లంలో పడిపోయాయి. హాల్లో నేల రోడ్డుకన్నా కిందికి ఉంటే వాననీళ్లు లోపలికొస్తాయి, డ్రైనేజీ వెనక్కి తంతుంది. 900 చదరపు అడుగుల ఇంట్లో నేల ఒక అడుగు లేపాలంటే 900 ఘనపు అడుగుల మట్టి నింపాలి. దిమ్మిస కొట్టాక అణుగుతుంది కాబట్టి 1,100 దాకా తెప్పించాలి. అంతటితో అయిపోదు. ఏడడుగుల గుమ్మం ఆరడుగులవుతుంది కాబట్టి గుమ్మాలన్నీ ఊడదీసి పైకి జరపాలి, దానికోసం లింటెల్ (గుమ్మం పైన గోడ బరువు మోసే కాంక్రీటు దిమ్మె) పగలగొట్టాలి. బాత్‌రూములు, మెట్లు, స్విచ్‌బోర్డులు కూడా మారతాయి. ఈ ఒక్క పనితో బేరం వదులుకోవాల్సి రావచ్చు. అందుకే మొదట చూడమనేది.

తరవాత శ్లాబు. సజ్జల అడుగు భాగం, బాత్‌రూము పైకప్పు, మేడమీద వాటర్ ట్యాంకు కింద భాగం తప్పకుండా చూడండి. కాంక్రీటు లోపలి ఇనుప చువ్వ వెంబడే తిన్నగా పగులు, తుప్పు మరక కనిపిస్తే లోపల ఇనుమును తుప్పు తింటోందన్నమాట. తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాంక్రీటును తోసేసేది అదే. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోండి, డొల్ల శబ్దం వచ్చినచోటల్లా సుద్దముక్కతో గీసి కొలవండి. చెక్కడం మొదలయ్యాక ఆ మేర పెరగడమే తప్ప తగ్గదు, కాబట్టి కొలతకు ఒకటిన్నర రెట్లు రాసుకోండి. చువ్వ వెనకదాకా చెక్కి, వైరు బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, బాగా సన్నబడిన చువ్వ పక్కన కొత్తది కట్టి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం) పూడ్చాలి. ఉత్త సిమెంటు పూత పెడితే కొన్ని వానాకాలాలకే ఊడిపడుతుంది. హాలు శ్లాబే డొల్లగా పలికితే బయానాకు ముందే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అమ్మకానికి ముందు పైకప్పుకు మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే అక్కడ ఇంకాస్త గట్టిగా తట్టండి.

బాత్‌రూము లెక్క ఇలా ఉంటుంది. 5 × 8 అడుగుల గదికి చుట్టుకొలత 26. ఏడడుగుల ఎత్తుకు టైల్స్ అంటే 182, తలుపు తీసేస్తే సుమారు 165. నేల 40 కలిపితే 205, ముక్కలు పోయేదానికి పది శాతం వేస్తే 225 చదరపు అడుగులు. టైల్స్ మార్చేటప్పుడే గోడల లోపలి జీఐ (జింకు పూత ఇనుప) పైపులు తీసేసి సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేసేముందు 48 గంటలు నీళ్లు నిలిపి చూడాలి. ఇవన్నీ విడివిడి పద్దులుగా రాయండి.

వైరింగ్‌ను పాయింట్ల లెక్కన (ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గు ఒక్కో పాయింటు) అడగండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చూసుకోండి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంతమాత్రాన ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు, ఒకటి విప్పించి చూడండి.

రంగు వేయాల్సిన విస్తీర్ణం సీలింగుతో కలిపి కార్పెట్ ఏరియాకు (గోడల మందం పోను లోపలి నేల) 3 నుంచి 3.5 రెట్లు ఉంటుంది. పాత సున్నం గీకకుండా లప్పం పెడితే పెచ్చులూడుతుంది, గీకుడు కూలి వేరే రాయండి. ఊడిన చోట్ల కొత్త ప్లాస్టరింగ్‌కు అరంగుళం మందాన వంద చదరపు అడుగులకు దాదాపు ఒక బస్తా సిమెంటు, 4–5 ఘనపు అడుగుల ఇసుక.

శిథిలాలు ఎత్తిపోయించడం, పనయ్యేదాకా మీరు వేరేచోట కట్టే అద్దె కూడా కలపండి. మొత్తం మీద 20 శాతం అదనంగా ఉంచుకోండి, శ్లాబు పని ఉంటే 30. ఇద్దరు మేస్త్రీలకు ఇదే కొలతల కాగితం ఇచ్చి, కూలీ, సామాను వేరువేరుగా రేట్లు రాయించుకోండి. ఎవరి కొలతలు వాళ్లు వేసుకుంటే రెండు కొటేషన్లను పోల్చడం కుదరదు.