గట్టు మీద వేసవి పరుగు: నీళ్ల బెల్టు కట్టుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఉగాది వెళ్లి ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో డెల్టా కాలువ గట్ల మీద తెల్లవారుజామున సందడి పెరుగుతుంది. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1,600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్లు, షుగరు అదుపులో పెట్టుకోవడానికి నడిచే పెద్దలు, రావులపాలెం నుంచి ధవళేశ్వరం దాకా సైకిలు తొక్కి వచ్చే ఉద్యోగులు అందరూ ఆ దారుల్లోనే కనిపిస్తారు. వీరిలో చాలామంది ఈ మధ్య నడుముకు నీళ్ల బెల్టో, వీపు మీద నీటి సంచీ అమరి ఉండే రన్నింగ్ వెస్టో వేసుకుంటున్నారు. నీళ్లు వెంట పెట్టుకోవాలన్న ఆలోచన మంచిదే. అయితే ఈ సామాను మన గాలికి సరిపడేలా ఎంచుకోకపోయినా, శుభ్రంగా ఉంచుకోకపోయినా, అది మేలుకు బదులు కీడు చేస్తుంది. అందుచేత మే నెలాఖరున రోహిణి కార్తె వచ్చేలోపే చూసుకోవలసిన విషయాలు కొన్ని చెబుతాను.

ముందుగా మన ప్రాంతపు ఎండ స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. శరీరానికి చల్లదనం చెమట పట్టడం వల్ల కాదు, పట్టిన చెమట ఆవిరి కావడం వల్ల వస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడిని ఒంట్లోంచి తీసుకుపోతుంది. అదే చెమట ఆరకుండా ధారలుగా కారి నేలపాలైతే నీరూ ఉప్పూ పోతాయి తప్ప ఒళ్లు చల్లబడదు. సముద్రం దగ్గరగా ఉండి, చుట్టూ కాలువలు, వరి చేలు, చేపల చెరువులు ఉన్న అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు గాలిలో తేమ ఎక్కువ కనుక ఉదయం ఆరు గంటలకే చొక్కా పిండితే నీరు కారే పరిస్థితి ఉంటుంది. వాతావరణ శాఖ సైతం మైదానాల్లో 40 డిగ్రీలు చేరాకే వడగాలుల సంగతి పరిశీలిస్తుంది కానీ, తీర ప్రాంతంలో ఆ హద్దును 37 డిగ్రీల దగ్గరే పెట్టుకుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారన్నది మరచిపోదగిన విషయం కాదు.

ఈ కారణం చేతనే డెల్టాలో వేసవి పరుగుకు నేను వెస్టు కన్నా బెల్టునే సూచిస్తాను. వెస్టులు ముఖ్యంగా కొండదారుల్లో గంటల తరబడి పరుగెత్తేవారి అవసరాన్ని బట్టి రూపొందినవి. వాటిలోని నీటి సంచీ వీపు మొత్తాన్ని కప్పేస్తుంది. చెమట ఆరడానికి ఒంటి మీద ఉన్న అతి పెద్ద చోటును మనమే మూసేసినట్టవుతుంది. పైగా రెండు లీటర్ల సంచీ నింపితే రెండు కిలోలకు పైగా బరువు మోయాలి. తాడిచెట్టు ఎక్కే కల్లుగీత కార్మికుణ్ణి ఒకసారి గమనించండి: కత్తిని, కుండను నడుముకే ఒంటికి ఆనేలా బిగించుకుంటాడు. బరువు తుంటి ఎముకల మీద ఆనితే ఊగదు, వీపుకు గాలి తగులుతుంది. చెరో పక్క పావు లీటరు పట్టే రెండు సీసాలున్న బెల్టు గంటలోపు పరుగుకు చాలు. గంటన్నర దాటి పరుగెత్తేవారికి, దారిలో నీళ్లు దొరకని గట్ల మీద దూరాలు వెళ్లేవారికి వెస్టు తప్పకపోతే, నీళ్లు వీపు మీద కాక ఛాతీ మీది జేబుల్లో మెత్తని ఫ్లాస్కుల్లో ఉండేదాన్ని, వీపు వైపు పలచని జాలీ గుడ్డ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఇక 1,600 మీటర్ల సాధన చేసే అభ్యర్థులకు ఒంటి మీద ఏదీ అక్కర్లేదు. సీసాను బండి దగ్గర నీడలో పెట్టుకుంటే సరిపోతుంది.

బెల్టును దుకాణంలో నిలబడి కట్టుకుని చూస్తే సరిపోదు. నీళ్లు నింపి, ఫోను పెట్టి, కనీసం రెండు కిలోమీటర్లు పరుగెత్తి చూడాలి. బెల్టు పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద కూర్చోవాలి, లోపలికి రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. పొట్ట మీద బిగిస్తే ఊపిరి పట్టేసి కడుపులో తిప్పుతుంది, వదులైతే అడుగడుగునా ఎగిరి నడుము ఒరుసుకుపోతుంది. సాగే పట్టీ చెమటకు తడిసి అరగంటలో కొంత వదులవుతుంది కనుక మధ్యలో ఒకసారి సరిచేసుకోవాలి. నీళ్లు తాగేటప్పుడు ఒక గుక్క కుడి సీసాలోంచి, తరువాతిది ఎడమ సీసాలోంచి తాగితే బరువు ఒక పక్కకు ఒరగదు. సంచీ వాడేవారు దాన్ని నింపి మూత పెట్టాక తలకిందులుగా పట్టుకుని, గొట్టంలోంచి లోపలి గాలిని పీల్చేయాలి; అప్పుడు నీరు గలగలలాడదు, కుదుపు తగ్గుతుంది. గొట్టంలో మిగిలిన నీరు ఎండకు వేడెక్కి తరువాతి గుక్క నోటికి చురుక్కుమంటుంది కనుక, తాగిన ప్రతిసారీ గొట్టంలోకి ఒకసారి ఊది ఆ నీటిని సంచీలోకి పంపేయడం మంచి అలవాటు. ఒరుసుకునే చోట్ల పరుగుకు ముందే కాస్త కొబ్బరినూనె గాని వాజలీను గాని రాసుకోవాలి. నడుము ఒరుసుకుపోయాక చెమటలోని ఉప్పు తగిలితే మరుసటి రోజు బెల్టు ముట్టుకోబుద్ధి కాదు.

ఎన్ని నీళ్లు మోయాలన్నది ఒకరిని చూసి ఒకరు నిర్ణయించుకునేది కాదు. ఒక రోజు పరుగుకు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకుని, తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. గంటలో ఒక కిలో తగ్గితే, తాగింది కూడా కలుపుకుని, సుమారుగా అంత చెమట పోయినట్టు లెక్క. సాధారణంగా గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్ల మధ్య చాలామందికి సరిపోతుంది, మిగిలిన లోటును ఇంటికి వచ్చాక నిదానంగా పూడ్చుకోవచ్చు. బరువు తగ్గడానికి బదులు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్టే. వెంట ఉంది కదా అని దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. అవి ప్రాణం మీదికి కూడా తెస్తాయి. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, నీరు ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు ఈ లెక్కలు వేసుకునే ముందు తమ డాక్టరునే అడగాలి.

సీసాలో ఏం పోయాలన్న దగ్గర మన వైపు ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. కొబ్బరి నీళ్లు తాగితే ఇంకేమీ అక్కర్లేదని చాలామంది నమ్మకం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. ఇంటికి చేరాక బోండాం తాగడం హాయిగానే ఉంటుంది కానీ, గంటకు మించిన పరుగులో అది ఓఆర్‌ఎస్‌కు సాటి రాదు. ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్టు మీద ఎంత నీటికని రాసి ఉందో అంత నీటిలోనే కలపాలి. లీటరు నీటికి ఉద్దేశించిన 20.5 గ్రాముల పొడిని అరలీటరు ఫ్లాస్కులో గుమ్మరిస్తే అది చిక్కనై, కడుపులో తిప్పి, దాహాన్ని ఇంకా పెంచుతుంది. ఇంట్లోనే లీటరు కలిపి, అందులోంచి సీసాలు నింపుకోండి. మజ్జిగ, తరవాణి వేసవిలో మన ఒంటికి బాగా పడతాయి, కానీ వాటి చోటు గ్లాసే. మజ్జిగైనా, కొబ్బరి నీళ్లయినా మెత్తని ఫ్లాస్కులో పోస్తే ఆ వేడికి త్వరగా పులుస్తాయి, ఆ వాసన ఎన్నిసార్లు కడిగినా వదలదు. నీటి సంచీలో మంచినీళ్లు తప్ప మరేదీ పోయకపోవడం ఉత్తమం. దారిలో సీసా ఖాళీ అయితే కాలువలో ముంచుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేశాక మడుగుల్లో నిలిచిన నీరు మరీ ప్రమాదకరం.

చల్లగా ఉంటుందని రాత్రి సీసాను ఫ్రీజర్‌లో పెట్టేవారు సగానికి మించి నింపకూడదు, ఉదయం మిగిలిన సగం నీళ్లు పోసుకోవచ్చు. అయితే మన తేమ గాలిలో ఆ చల్లని సీసా బయటికి తీసిన రెండు నిమిషాలకే చుట్టూ నీటి బిందువులు పట్టి, అవి కలిసి జారి, బెల్టు గుడ్డను తడుపుతూ పక్కనున్న ఫోను జేబులోకి దిగుతాయి. వాన పడకుండానే ఫోను ఛార్జింగు రంధ్రంలో తడి చేరిందన్న హెచ్చరిక నా ఫోనులో రెండు వేసవులు అలాగే వచ్చింది. సీసా ఒక వైపు, ఫోను మరో వైపు ఉంచుకుని, ఫోనును జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. తడిసిన ఫోనును వెంటనే ఛార్జింగులో పెట్టకూడదు. ఇంటి తాళం ఫోను పక్కనే ఉంటే అద్దం మీద గీతలు పడతాయి కనుక దాన్ని చిన్న గుడ్డలో చుట్టి వేరే అరలో పెట్టాలి. ఒక యాభై రూపాయల నోటు, పేరు, బ్లడ్ గ్రూపు, ఇంట్లోవారి ఫోను నంబరు తెలుగులో రాసి లామినేషన్ చేయించిన కార్డు తప్పనిసరిగా ఉండాలి. ఫోనుకు లాకు ఉంటుంది, గట్టు మీద మిమ్మల్ని చూసిన రైతు అది తెరవలేడు. షుగరు ఉన్నవారు గ్లూకోజు పొడినో, నాలుగు చక్కెర బిళ్లలనో తడి తగలకుండా ఉంచుకోవాలి. ఇన్సులిన్‌ను మాత్రం ఒంటి వేడి తగిలే పౌచ్‌లో పెట్టకూడదు. మోకాళ్ల నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను పరుగు మధ్యలో వేసుకోవద్దు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బ తీయగలవు.

చీకటితో బయలుదేరేవారు పౌచ్ వెనక మెరిసే పట్టీ కుట్టించుకోవాలి, ఎందుకంటే చొక్కా మీది పట్టీని బెల్టో వెస్టో కప్పేస్తుంది, మేత లోడుతో వచ్చే లారీ డ్రైవరుకు మీరు కనిపించరు. పాముల సంచారం ఉంటుంది కనుక చిన్న టార్చిలైటు, ఒంటరిగా వెళ్లే ఆడవారికి చేతికి అందేలా ఒక ఈల మంచిది.

అన్నింటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది శుభ్రత. పోయిన వేసవి అటక మీద పెట్టేసిన సంచీని ఇప్పుడు తీసి, గొట్టం చివర కొరికి తాగే రబ్బరు మూతను ఊడదీసి వెలుతురులో చూడండి. దాని చీలిక అంచున నల్లని చుక్కలు వరుసగా కనిపిస్తే అది బూజు. గోరువెచ్చని నీటిలో ఒక చెంచా వంటసోడా కలిపి సంచీలో, గొట్టంలో పోసి అరగంట ఉంచి, సన్నని బ్రష్షుతో రుద్ది, రెండు మూడుసార్లు కడగాలి. అప్పటికీ గొట్టంలో నల్లదనం పోకపోతే ఆ గొట్టాన్ని పారేసి కొత్తది వేయించుకోవాలి. ఇకపై పరుగు నుంచి వచ్చిన రోజే కడగడం అలవాటు చేసుకోవాలి. మన దగ్గర గోడకు వేలాడదీసిన సంచీ తెల్లారినా లోపల చెమ్మగానే ఉంటుంది, దాని లోపలి పొరలు రెండూ అతుక్కుపోతాయి. లోపల శుభ్రమైన పొడి గరిటె ఒకటి అడ్డంగా పెట్టి ఫ్యాను గాలికి ఆరబెడితే త్వరగా ఆరుతుంది. అంత ఓపిక లేనివారు కడిగి, నీళ్లు వంపేసి, ఫ్రీజర్‌లో పెట్టినా బూజు పెరగదు. ఎర్రటి ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. బెల్టు మీద తెల్లని ఉప్పు చారలు కనిపించేదాకా ఆగకుండా ప్రతి పరుగు తరువాత మామూలు నీటిలో జాడించాలి. జిప్పు పట్టేస్తుంటే కొవ్వొత్తితో రెండుసార్లు రుద్దితే సాఫీగా కదులుతుంది.

చివరిగా, తోటివారితో చేయవలసిన పని ఒకటి ఉంది. మూడేళ్ల కిందట ఏప్రిల్ నెలాఖరున మా జట్టులోని ఒక మిత్రుడు తొమ్మిదో కిలోమీటరు దగ్గర తూలి, అడిగిన దానికి పొంతన లేని జవాబులు చెప్పి, కొబ్బరి తోట పక్కన కూలబడ్డాడు. అతని వెస్టుకు ఛాతీ మీద రెండు క్లిప్పులున్నాయి. అవి ఎటు నొక్కితే ఊడతాయో మాలో ఒక్కరికీ తెలియక తడబడుతుంటే నిమిషాలు గడిచిపోయాయి. తీరా తీసి చూస్తే అతని వీపు మీది సంచీలో లీటరుకు పైగా నీళ్లు అలాగే ఉన్నాయి. ఆ నీళ్లే తల మీద, మెడ మీద, చంకల్లో పోసి, తువ్వాళ్లతో విసురుతూ నీడలో ఉంచాం; 108 వాహనం వచ్చేసరికి తెలివిలోకి వచ్చాడు. మాట తడబడినా, తెలివి తప్పినా అది వడదెబ్బేనని భావించి ముందుగా బెల్టు, వెస్టు, బూట్లు తీసేయాలి, 108కి ఫోను చేయాలి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి గాలి ఆడేలా చూడాలి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ వారం మీ జట్టు కలిసినప్పుడు ఒకరి బెల్టు క్లిప్పును మరొకరు కళ్లు మూసుకుని తీసి చూడండి, ఎవరి కార్డు ఏ అరలో ఉందో ఒకరికొకరు చూపించుకోండి.