చదువు చెప్పిన ఊరి నుంచి సెలవు తీసుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల సవర గిరిజనుల ఊళ్ళలో చదువు చెప్పడానికి హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ మన కుర్రాళ్ళు, ఆడపిల్లలు వస్తుంటారు. రెండు మూడు నెలలు ప్రాణం పెట్టి చెబుతారు. చివరి రోజు మాత్రం పాడుచేసి పోతారు. నేను ఐదు ఊళ్ళలో చెప్పి, ఐదుసార్లు సెలవు తీసుకున్నాను.

ముందు పిల్లలందరూ ఉన్న ఫొటో ఒకటి తీసి తలకొక ప్రింటు వేయించండి. రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. కేకు వద్దు. ఒకరిద్దరికి ప్రత్యేకం బహుమతులు అసలే వద్దు. పది రోజుల ముందు బడి మాస్టారికీ ఊరి పెద్దలకూ చెప్పండి.

పిల్లలకు వారం ముందు, పొద్దున పూట చెప్పాలి. సంత రోజు కాకూడదు, సగం మంది అమ్మానాన్నల వెంట సంతకు పోతారు. సాయంత్రమూ వద్దు. ఆ దుఃఖాన్ని ఒంటరిగా ఇంటికి మోసుకుపోతారు.

ఇక చెప్పే మాట. అందరూ తప్పేది ఇక్కడే. మనం ‘వెళ్తాను’ అనం, ‘వెళ్ళొస్తాను’ అంటాం. ఒడియావాళ్ళు గడప దాటుతూ ‘ఆసుచి’ అంటారు, అంటే ‘వస్తున్నా’ అని. పెద్దవాళ్ళకు అది మర్యాద. ఏడేళ్ళ పిల్లకు అది మీరిచ్చిన మాట. నేను కొత్తగా చేరిన ఒక ఊళ్ళో ఒక పాప రోజూ బస్సు వేళకు రోడ్డు మీద నిలబడేది. నాకంటే ముందు అక్కడ చదువు చెప్పిన అక్క ‘మళ్ళీ వస్తా’ అని వెళ్ళిందట.

అందుకే పిల్లలతో ఇలా అనండి: “వచ్చే సోమవారం నుంచి నేను పాఠం చెప్పడానికి రాను. మీ మాస్టారు చెబుతారు.” తెలుగు రాని చిన్నవాళ్ళకు పెద్దపిల్లల చేత వాళ్ళ సవర భాషలో చెప్పించండి. తర్వాత మాట్లాడకుండా కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. పాట ఎత్తుకోకండి, మాట మార్చకండి. “ఎప్పుడొస్తారు?” అంటే, రాకపోతే రాననే చెప్పండి. పండక్కి వస్తానని మాత్రం అనకండి. ఆర్నెల్ల తర్వాత కూడా ఎత్తుతానన్న నమ్మకం లేకపోతే ఫోన్ నంబరూ ఇవ్వకండి.

పెద్దవాళ్ళ దగ్గర ‘వెళ్ళొస్తాను’ అనక తప్పదు, లేకపోతే నొచ్చుకుంటారు. పిల్లలు బడిలో ఉన్నప్పుడు ఇంటింటికీ వెళ్ళి అనండి. చింతపండో పనసపండో చేతిలో పెడితే వద్దనకండి.

నోటుబుక్కులో పిల్లకొక పేజీ రాయండి: ఎవరికి ఒత్తులు వచ్చాయి, ఎవరు తీసివేతల దగ్గర ఆగిపోయారు. కొందరు వీడియోలు తీసి పెడతారు, తర్వాత వచ్చేవాళ్ళకు అవి ఎందుకూ పనికిరావు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికే సవర వాచకాలు రాశారు, 1931లో ఆ భాషకు వ్యాకరణమూ అచ్చయింది. మన వంతు ఒక నోటుబుక్కైనా ఉండాలి.

ప్రయాణానికి బడి వేళలో ఉన్న బస్సే చూసుకోండి. మీరు ఎక్కేటప్పటికి పిల్లలు మాస్టారి ముందు కూర్చుని, ఆ నోటుబుక్కు ప్రకారం ఎవరి పాఠం వాళ్ళు చదువుతూ ఉండాలి.