మన్యం పోరాటం మీద బోర్డ్ గేమ్ చేసేవాళ్లకి

పులిజూదం ఆడినవాళ్లకి ముందుగా తట్టేది ఆ పటమే. మూడు పులులు, పదిహేను మేకలు. బలాలు సమానం కావు, నడిచే దారులు గీతలే. అల్లూరి సీతారామరాజు దళాన్ని పులులుగా పెట్టి, పోలీసుల్ని మేకలుగా పెడితే ఆట పది నిమిషాల్లో తయారవుతుంది. కానీ ఆ పటంలో గూడెం, మంప ఊళ్లవాళ్లకి చోటు ఉండదు. రెండు వైపులా తిండి పెట్టిందీ, దెబ్బలు తిన్నదీ వాళ్లే.

వలస కాలపు ఆటల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. 2002లో వచ్చిన ‘ప్యూర్టో రికో’ అనే బోర్డ్ గేమ్‌లో ఓడ దిగి తోటల్లో పనికి పోయే గోధుమరంగు బిళ్లల్ని ‘వలసదారులు’ అన్నారు. అవి బానిసలని ఆడేవాళ్లందరికీ తెలుసు. 2022లో ఆ ఆటనే 1897 కాలానికి జరిపి మళ్లీ వేయాల్సి వచ్చింది. అట్టపెట్టె మీద ఎంత మర్యాదగా రాసినా, బిళ్ల చేసే పనే దాని అర్థం. కాబట్టి బొమ్మల జోలికి పోకముందు నియమాలు సరిచూడండి.

ఇద్దరు ఆడే నమూనా ఇలా కట్టండి. ఏ3 కాగితం మీద పన్నెండు చోట్లు గుర్తించండి: నర్సీపట్నం పోలీసుల స్థావరం, చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలు, లంబసింగి, గూడెం, దామనపల్లి, పెదగడ్డపాలెం, కొయ్యూరు, మంప ఊళ్లు. వీటిని కలిపే గీతలన్నీ మొదట్లో కాలిబాటలే. 18 చింతగింజలు, 26 అగ్గిపుల్లలు, 12 చొక్కా గుండీలు, 6 ఎర్ర గురివింద గింజలు, నాలుగు గవ్వలు, ఒక వైపు ఎరుపు ఒక వైపు తెలుపు ఉన్న ఆరు అట్టబిళ్లలు కావాలి. గుండీలు పోలీసులు, గురివింద గింజలు దళాలు. ఒక్కో ఊరికి మూడు చింతగింజలు పెట్టండి. అదే ఊరి ధాన్యం. అట్టబిళ్ల ఎరుపు పైకుంటే ఊరు దళం వైపు, తెలుపైతే తటస్థం. మొదట మూడు ఎరుపు, మూడు తెలుపు.

రెండు నెలలకి ఒక రౌండు లెక్కన 1922 ఆగస్టు–సెప్టెంబరు నుంచి 1924 ఏప్రిల్–మే వరకు పదకొండు రౌండ్లు. అగ్గిపుల్లలు తుపాకులు. దళం చేతిలో మొదట ఒక్కటీ ఉండదు. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8 పెట్టండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా మూడు ఠాణాల నుంచి తీసుకెళ్లిన లెక్క అది. మొదటి రౌండులో ఠాణా మీద పడటానికి గవ్వలు వేయించకండి, గుండీలు తీయించకండి. ఆ దాడులు తుపాకుల కోసం జరిగాయి; శవాల లెక్కతో మొదలైన ఆట చివరిదాకా అలాగే నడుస్తుంది. తూటాలకి 25 గడుల వరస గీయండి, గడికి వంద. ప్రతి తాకిడికీ రెండు గడులు తగ్గుతాయి, పెరగవు.

రోడ్డు నియమం మీద ఎక్కువసేపు కూర్చోండి, ఆట ప్రాణం అక్కడుంది. పోలీసు ఆటగాడు ఏ రౌండులోనైనా ఒక కాలిబాటని రోడ్డు చేయొచ్చు. ఆ తర్వాత దాని మీద ఒకేసారి రెండు చోట్లు కదలొచ్చు. కూలీలు మాత్రం పక్క ఊరినుంచే రావాలి, ఆ ఊరి బిళ్ల వెంటనే ఎరుపుకి తిరుగుతుంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మనుషుల్ని తోలించి కూలి సరిగా ఇవ్వకపోవడం, 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకి అడ్డుపడటం తిరుగుబాటుకి ముఖ్య కారణాలు. వీటిని ముందుమాటలో పేరాగా రాస్తే ఎవరూ చదవరు. నియమంగా పెడితే మూడో రౌండుకల్లా ఆటగాడికే తెలిసొస్తుంది. వానాకాలపు ఆరు, ఏడు రౌండ్లలో రోడ్డైనా సరే ఒక్క చోటే కదలిక.

దామనపల్లి ఘాటీలో 1922 సెప్టెంబరు 24న దళం ముందు నడిచిన భారతీయ పోలీసుల్ని పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారుల్ని కాల్చింది. అందుకే పన్నెండు గుండీల్లో రెండిటిని తెల్లవి పెట్టండి. మాటు వేసిన ఆటగాడే ఏది ఆపాలో, ఏది వదలాలో ఎంచుకుంటాడు. ఆరు గుండీలు మొదటి రౌండులోనే ఉంటాయి. రెండో రౌండులో మలబారు పోలీసులు మూడు, తొమ్మిదో రౌండులో అస్సాం రైఫిల్స్ మూడు చేర్చండి.

రౌండు చివర గుండీ గానీ గురివింద గింజ గానీ బస చేసిన ఊరి నుంచి ఒక చింతగింజ పోతుంది. డిసెంబరు–జనవరి రౌండ్లలో పోలీసులు లేని ఊరికి ఒకటి తిరిగొస్తుంది. గుండీలు రెండు రౌండ్లు వరసగా కూర్చుంటే బిళ్ల తెలుపవుతుంది, అంటే ఊరిని అణచడం పనిచేస్తుంది. దాన్ని పనిచేయనట్టు చూపించడం ఊళ్లవాళ్లు పడ్డ బాధని దాచడమే. చివరికి నాలుగు తెలుపులుంటే పోలీసుల గెలుపు. మూడు ఎరుపులు, ఒక్క తుపాకీ మిగిలితే దళానిది. గింజలు అయిపోయిన ఊరు ఖాళీ, లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. రెండు ఊళ్లు ఖాళీ అయితే ఇద్దరూ ఓడినట్టని రాస్తే బాగుంటుందనిపిస్తుంది. ఆడించి చూడండి: ఓడిపోతున్నవాడు కావాలనే ఊళ్లు ఖాళీ చేస్తాడు. బదులుగా, రెండో ఊరి ఆఖరి గింజ ఎవరి బస వల్ల పోయిందో వాళ్లే ఓడినట్టు అని పెట్టండి. చరిత్రలో అలా తీర్పు రాలేదని నియమాల కాగితంలో ఒక వాక్యం రాస్తే చాలు.

రాజుకి వేరే బొమ్మ వద్దు, ఆయన్ని పట్టుకుంటే పాయింట్లూ వద్దు. 1924 మే 7న పట్టుబడ్డాక చెట్టుకి కట్టి కాల్చిన సంఘటనకి గవ్వలు వేయించడం ఎంత అసహ్యమో ఊహించుకోండి. పదకొండో రౌండు మొదట్లో ఆ తేదీ ఉన్న కార్డు తిప్పి, దళం వైపు ఒక గురివింద గింజ తీసి, ఆట కొనసాగించండి. రాజు అనుచరుడు గాం గంటందొర జూన్ దాకా పోరాడాడు. రాజుని తూటాలు తాకవని జనం నమ్మారు. దాన్ని రక్షణ కవచం కార్డుగా మార్చకండి. ఆ కబురు చేరిన ఒక ఊరి బిళ్ల ఎరుపుకి తిరిగే కార్డు చేయండి.

మాటల దగ్గర రెండే జాగ్రత్తలు. ‘గిరిజనులు’ అని ఒకే ముద్ద చేయకుండా కోయ, కొండరెడ్డి, బగత అని ఏ ఊరికి ఆ పేరు రాయండి. తిరుగుబాటుకి ‘పితూరీ’ అన్నది సర్కారు కాగితాల్లోని మాట కాబట్టి పోలీసు కార్డుల మీదే ఉంచి, దళం కార్డుల మీద ‘పోరాటం’ అనండి.

కనీసం ఆరుసార్లు ఆడించండి, వాటిలో రెండుసార్లు చింతపల్లి, కొయ్యూరు వైపువాళ్లతో, వాళ్ల సమయానికి డబ్బిచ్చి. ఆడుతుంటే నోరు మెదపకుండా ఎక్కడ నవ్వారో, ఎక్కడ చెయ్యి ఆగిందో రాసుకోండి. చింతగింజ తీసేటప్పుడు నవ్వు వినిపిస్తే ఆ గింజకి ‘ధాన్యం’ అని కాకుండా ఊరి పేరు రాసి మళ్లీ ఆడించండి. పటం మీద ఊరి పేర్ల వర్ణక్రమం కూడా అక్కడివాళ్లు దిద్దాకే అచ్చుకివ్వండి.