సంక్రాంతికి కారులో ఊరు వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసింది బయలుదేరే వేళ

సంక్రాంతికి హైదరాబాదు నుంచి కోస్తా జిల్లాలకు కారులో వెళ్లేవారిలో చాలామంది మొదటి పొరపాటు ఇంటి దగ్గరే చేస్తారు. పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి పదింటికి సామాను సర్దుకుని, ఆ వేళ రోడ్డు ఖాళీగా ఉంటుందన్న ధీమాతో బయలుదేరుతారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడకే సుమారు 270 కిలోమీటర్లు ఉంటుంది కనుక, అక్కడి నుంచి భీమవరమో అమలాపురమో చేరవలసినవారు తెల్లవారుజామున 3, 4 గంటలకు, అంటే నిద్ర బాగా ముంచుకొచ్చే వేళకు, ఇంకా స్టీరింగు పట్టుకునే ఉంటారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. మూడు సెకన్ల కునుకు పడితే 80 మీటర్లకు పైగా ఆ కారును నడిపేవారు లేనట్టే.

కాబట్టి ముందు రాత్రి కడుపునిండా నిద్రపోయి, పొగమంచు విడిచాక బయలుదేరండి. పంతంగి టోల్ ప్లాజా దగ్గర గంటసేపు ఆగవలసి వచ్చినా ఆ ఆలస్యం భరించదగినదే. రెండు గంటలకొకసారి బండి ఆపి దిగండి. ఆవులింతలు మొదలైతే టీ మీదా పాటల మీదా భరోసా పెట్టుకోకుండా, దాబా ఆవరణలో బండి నిలిపి ఇరవై నిమిషాలు పడుకోండి.

బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి, స్టెప్నీని మరిచిపోవద్దు. వెనక సీటులోని వారు కూడా బెల్టు పెట్టుకోవాలి. ఇది చట్టం చెప్పేదే, పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా. అయినా మన కార్లలో వెనక బెల్టుల బకిల్స్ సీటు కవర్ల కింద దాగి ఉంటాయి, వాటిని ముందురోజే బయటికి తీసి పెట్టుకోవాలి. ముందు సీటులో ఒడిలో పిల్లవాడిని కూర్చోబెట్టుకోవడం ముద్దుగా కనిపించినా, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే దాని దెబ్బ మొదట తగిలేది ఆ పిల్లవాడికే.

దారిలో మంచు కమ్మితే హై బీమ్ వేయవద్దు. ఆ వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. లైట్లు డిమ్‌లో ఉంచి వేగం తగ్గించండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేస్తే, మీరు ఎటు తిరుగుతారో వెనకవారికి తెలియదు. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగిన లారీలు, వెనక రేడియం స్టిక్కరైనా లేని ట్రాక్టర్లు, యూటర్న్ దాకా వెళ్లడం ఇష్టంలేక ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్లు ఉంటాయని అనుకునే నడపండి. మీ బండే ఆగిపోతే అందరినీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టి, హెచ్చరిక త్రికోణాన్ని బండికి చాలా వెనకగా పెట్టి, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయండి.

ఊరు చేరాక జాగ్రత్త సడలుతుంది. కోడిపందేల బరి నుంచి మందు తాగి, హెల్మెట్ లేకుండా, ఒకే బండి మీద ముగ్గురు కాలువ గట్టు వెంట రాత్రిపూట తిరిగి రావడం గోదావరి జిల్లాల్లో కొత్త సంగతి కాదు. ఆ గట్లకు చాలాచోట్ల రక్షణ గోడ ఉండదు. తాగినవారి నుంచి తాళం తీసుకోవలసింది ఇంటి పెద్దలే, ఎందుకంటే ఆ మాట పోలీసు చెప్పేసరికి ఆలస్యమవుతుంది. నగరంలోనే ఉండిపోయినవారికి ప్రమాదం గాలిపటాల దారం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా అది ఇంకా దొరుకుతూనే ఉంది. ఫ్లైఓవర్ల మీద ద్విచక్ర వాహనం నడిపేవారు నెమ్మదిగా వెళ్తూ, మెడకు మందపాటి గుడ్డ చుట్టుకుని, హెల్మెట్ అద్దం దించుకోవాలి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ఆగినవారంతా మర్నాడు ఒకేసారి రోడ్డెక్కుతారు కనుక, వీలైతే సెలవు ఒక రోజు పెంచుకోండి.

ప్రమాదం కళ్లబడితే ముందు 108కి చెప్పండి. రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు. మంటల వంటి ముప్పు లేకపోతే గాయపడిన మనిషిని లాగవద్దు. సాయం చేసినవారిని వేధింపుల నుంచి కాపాడే సెక్షన్ 134ఎ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరింది కనుక, ఆసుపత్రిలో గానీ పోలీసుల దగ్గర గానీ మీ పేరు చెప్పడం మీ ఇష్టం. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో క్షతగాత్రుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు కట్టకుండానే చికిత్స అందుతుంది. డబ్బు కోసం ఎదురుచూస్తూ మొదటి గంటను పోనివ్వకండి.