పెద్దవాళ్ల బ్యాలెన్స్‌కి పది సెకన్లు

రోజూ ఇందిరా పార్కులో నాలుగు రౌండ్లు నడిచే మా అమ్మ ఒంటికాలి మీద ఆరు సెకన్లు నిలబడలేకపోయింది. నడక మంచిదే, బ్యాలెన్స్ వేరే సంగతి. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్లవాళ్లు 1,702 మందిని పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించారు: పది సెకన్లు నిలబడలేనివాళ్లలో తర్వాతి ఏడేళ్లలో మరణాలు ఎక్కువ. నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని కాదు. కానీ పడి తుంటి విరిగితే ఆ వయసులో కోలుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు అమ్మ సీరియల్ మధ్య యాడ్స్ వచ్చినప్పుడల్లా చెప్పులు విడిచి, డైనింగ్ టేబుల్ పట్టుకుని నిలబడుతోంది. మొదట రెండు చేతులు, తర్వాత ఒకటి, ఈమధ్య ఒక్క చూపుడువేలే ఆనిస్తోంది. మొదట్లో పక్కన ఎవరైనా ఉండాలి. తడినేల మీద అసలొద్దు. కళ్లు తిరిగితే ఆపేసి డాక్టర్‌కి చూపించండి.