వీఎంసీ సెట్టర్ కావాలా? ఫేస్‌బుక్‌లో, గూగుల్‌లో మనిషిని పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి యూనిట్లకి మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. అక్కడ ఎక్కువగా అడిగేది సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే మెషిన్లు తెలిసినవాళ్లని. వీఎంసీ కూడా అందులో ఒక రకమే. వారానికొక్కరైనా ఫోన్ చేసి "ఫేస్‌బుక్‌లో పెట్టాం, లింక్‌డిన్‌లో పెట్టాం, ఒక్కరూ రాలేదు" అంటారు. ఏం పెట్టారో చూస్తే "అర్జెంటుగా సీఎన్‌సీ స్టాఫ్ కావలెను, ఆకర్షణీయమైన జీతం" అని ఉంటుంది. ఏ మెషినో లేదు, జీతమెంతో లేదు, ఊరు కూడా లేదు. పని తెలిసినవాడు అలాంటిదాన్ని చదవడు, పైకి తోసేస్తాడు.

ముందు ఎవరు కావాలో తేల్చుకోండి. ఆపరేటర్ అంటే జాబ్ (కోయాల్సిన ముక్క) మెషిన్ మీద ఎక్కించి, సైకిల్ స్టార్ట్ నొక్కి, కొలతలు చూసేవాడు. సెట్టర్ అంటే ముక్కని కదలకుండా పట్టే ఫిక్చర్ కట్టి, టూల్ ఆఫ్‌సెట్లు (ప్రతి టూల్ కొలతలు) మెషిన్‌కి ఇచ్చి, మొదటి పీస్ పాస్ చేయించేవాడు. ప్రోగ్రామర్ డ్రాయింగ్ చూసి ప్రోగ్రామ్ రాస్తాడు. ఈ మూడింటినీ కలిపి "సీఎన్‌సీ స్టాఫ్" అంటే ముగ్గురూ రారు. మీ మెషిన్‌ని నడిపే కంట్రోలర్ ఏ కంపెనీది, ఫానుకా, సీమెన్సా అన్నది కూడా రాసుకోండి.

కావాల్సినవి. కంపెనీ పేరుతో ఒక మెయిల్ ఐడీ, ఒక ఫోన్ నంబరు, అడ్రసూ షాప్ ఫ్లోర్ ఫొటోలూ ఉన్న ఫేస్‌బుక్ పేజీ. అంతే. డబ్బులు కట్టి యాడ్ వేయక్కర్లేదు.

ఎక్కడ వెతకాలి. ప్రోగ్రామర్లు, క్వాలిటీవాళ్లు లింక్‌డిన్‌లో దొరుకుతారు. సెట్టర్లు అక్కడ తక్కువ. వాళ్లుండేది ఫేస్‌బుక్‌లోని సీఎన్‌సీ గ్రూపుల్లో, తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్పే యూట్యూబ్ వీడియోల కింద కామెంట్లలో. కొందరు తాము కట్టిన సెటప్‌ని ఇన్‌స్టాలో రీల్‌గా పెడతారు. నా వరకు అలాంటి ఒక్క రీల్ పది రెజ్యూమెలతో సమానం, ఎందుకంటే చేతి పని అందులో కనిపిస్తుంది. బాలానగర్‌లోనే 1968 నుంచి సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, అక్కడ టూల్ డిజైన్ చదివినవాళ్ల గ్రూపుల్ని వదలొద్దు.

గూగుల్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిష్‌లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా లింక్‌డిన్ డాట్ కామ్ స్లాష్ ఇన్ అని రాయండి. ఆ తర్వాత మీకు కావాల్సిన మాటల్ని డబుల్ కోట్స్‌లో పెట్టండి. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే అది వచ్చే పేజీలు పోతాయి. మీ మాటలతో కాకుండా వాళ్లు రాసుకునే మాటలతో వెతకండి. ఐటీఐ చేసినవాడు తన ట్రేడ్ పేరే రాస్తాడు, మెషినిస్ట్ అనో టర్నర్ అనో. స్పెల్లింగ్ తప్పుగా కూడా కొట్టి చూడండి, మంచి సెట్టర్‌కి ఇంగ్లిష్ స్పెల్లింగ్ రావాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు మొదటి మెసేజ్. నూటికి తొంభై మంది చెడగొట్టేది ఇక్కడే, అందుకే దీన్ని నిదానంగా చదవండి.

అవతలి మనిషికి రోజూ వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో "ఇంట్లో కూర్చుని సంపాదించండి, వీడియోకి లైక్ కొడితే డబ్బులు" అని మోసపు మెసేజ్‌లు వస్తుంటాయి. తెలిసినవాళ్లలో ఎవరో డబ్బు పోగొట్టుకుని సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేసి ఉంటారు. అలాంటప్పుడు మీరు "హాయ్ డియర్, మంచి జాబ్ ఉంది, డీటెయిల్స్ పంపండి" అంటే వెంటనే బ్లాక్ చేస్తాడు, చేయాలి కూడా. మీది మోసం కాదని మొదటి నాలుగు వాక్యాల్లోనే తెలియాలి.

నేను పంపేది ఇలా ఉంటుంది: "నమస్తే అండీ. బాలానగర్‌లో ఫలానా కంపెనీకి హెచ్‌ఆర్ చూస్తాను. మీరు పెట్టిన అల్యూమినియం హౌసింగ్ వీడియో చూశాను, ఫిక్చర్ మీరే కట్టారా? మా దగ్గర ఫానుక్ వీఎంసీలు మూడున్నాయి, సెట్టర్ కావాలి. పీఎఫ్ పోగా చేతికి 28 వేలు, ఓటీ వేరే, నైట్ షిఫ్ట్ నెలకో వారం. ఇష్టం లేకపోతే వదిలేయండి, మళ్లీ విసిగించను." జీతం మొదటి మెసేజ్‌లోనే చెప్పాలి. "మాట్లాడుకుందాం" అన్నారంటే తక్కువిస్తారనే అర్థం చేసుకుంటారు. అతని పని గురించి ఒక్క మాటైనా ఉండాలి, లేకపోతే అందరికీ పంపిన ఫార్వర్డ్ అనుకుంటాడు. తెలుగువాడైతే తెలుగులోనే రాయండి. వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు, షాప్ ఫ్లోర్‌లో వినలేడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఏదైనా సరే అతని ఇన్‌బాక్స్‌లోనే అడగండి, అందరికీ కనిపించే కామెంట్‌లో అస్సలు వద్దు. ఒకసారి నాతో పనిచేసే అబ్బాయి ఒక సెట్టర్ వీడియో కింద "బ్రదర్, మా దగ్గర ఐదు వేలు ఎక్కువిస్తాం" అని కామెంట్ పెట్టాడు. ఆ సెట్టర్ సూపర్‌వైజర్ కూడా ఆ వీడియో చూసేవాడే. సాయంత్రానికల్లా ఆఫీసులోకి పిలిచి "వెళ్లిపోతున్నావా" అని నిలదీశారట. పాపం అతనికి మా సంగతే తెలియదు. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, అతను మాత్రం మా దగ్గరికి రానన్నాడు. చేయని తప్పుకి మాట పడ్డాడు, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఫోన్ చేసే టైం కూడా చూసుకోండి. మొదటి షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2 దాకా, రెండోది 2 నుంచి రాత్రి 10 దాకా, ఆ తర్వాత నైట్ షిఫ్ట్ నడిచే చోట ఉదయం 11 గంటలకి ఫోన్ చేస్తే మొదటి షిఫ్ట్‌వాడు మెషిన్ దగ్గర, నైట్ చేసి వచ్చినవాడు మంచి నిద్రలో ఉంటారు. ముందు మెసేజ్‌లో "ఎప్పుడు చేయమంటారు" అని అడగండి. జవాబు రాకపోతే నాలుగు రోజులాగి ఒక్కసారి గుర్తు చేయండి, రెండోసారి వద్దు.

మొదటి మెసేజ్‌లో ఆధార్, బ్యాంకు వివరాలు అడగొద్దు. చేరేదాకా వాటితో మీకు పనిలేదు. ప్రొఫైల్‌లో పని మాత్రమే చూడండి. పెళ్లి ఫొటోలు, పేరు చివర కులం, ఏ పార్టీ జెండా పట్టుకున్నాడు అన్నవి మీకెందుకు? వాటిని చూసి మంచి పనివాణ్ని పక్కనపెట్టినవాళ్లు నాకు తెలుసు, అలాంటివాళ్లకి మళ్లీ మనుషుల్ని వెతికిపెట్టలేదు.

వచ్చాక ఒక డ్రాయింగ్ ఇచ్చి, మైక్రోమీటర్ చేతికిచ్చి, గంటసేపు మెషిన్ దగ్గర చూడండి, సరిపోతుంది. మూడు రౌండ్ల ఇంటర్వ్యూ అంటే మూడు రోజుల జీతం పోగొట్టుకుని రావాలి. నచ్చితే అదే రోజు ఆఫర్ లెటర్ ఇవ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర ఉంచుకోవద్దు, డిపాజిట్ మాట ఎత్తొద్దు. అభ్యర్థి దగ్గర మొదటి నెల జీతం లాక్కునే కన్సల్టెన్సీలని చూశాకే నేను ఈ పద్ధతికి వచ్చాను, నా ఫీజు కంపెనీయే ఇస్తుంది.

మనిషి చేరిన రోజే అన్ని గ్రూపుల్లోంచి పోస్ట్ తీసేసి, మిగిలినవాళ్లకి "ఈసారి ఇంకొకరిని తీసుకున్నాం అండీ, మళ్లీ అవసరం ఉంటే అడుగుతాను" అని మెసేజ్ పెట్టండి. రెండు నెలల తర్వాత ఇంకో మెషిన్ దిగినప్పుడు మొదట ఫోన్ చేయాల్సింది వాళ్లకే.