బిడ్డ గుండెలో లోపం ఉందన్నారా: ఇంట్లో ఏం గమనించాలి, ఎలా చూసుకోవాలి

ఎకో (గుండె స్కాన్) గదిలోంచి బయటికొచ్చేసరికి డాక్టరు చెప్పినదాంట్లో సగం మనసులో నిలవదు. తల్లిదండ్రులందరికీ అంతే. అందుకే పనిలోకి దిగేముందు రెండు మాటలు.

గుండె లోపంతో పుట్టడం ఎక్కడో ఒకరికి వచ్చే కష్టం కాదు. పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరికి గుండె నిర్మాణంలో ఏదో ఒక తేడా ఉంటుంది. వాళ్లలో మొదటి ఏడాదిలోపే ఆపరేషనో కాథెటర్ (రక్తనాళం గుండా పంపే సన్నని గొట్టం) చికిత్సో కావలసింది సుమారు నాలుగో వంతు మందికే. 1938లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ ఏడేళ్ల పాపకు మూసుకోకుండా మిగిలిపోయిన రక్తనాళాన్ని కట్టేసేవరకు ఇలాంటి పిల్లలకు సర్జరీతో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇవాళ మంచి చికిత్స అందుతున్నచోట పదిమందిలో సుమారు తొమ్మిదిమంది పెరిగి పెద్దవాళ్లవుతున్నారు.

రెండోది, ఇది మీ తప్పు కాదు. గుండె రూపు కట్టేది పిండం ఏర్పడ్డాక మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపు. చాలామందికి అప్పటికి గర్భం సంగతే సరిగ్గా తెలియదు. అదుపులో లేని షుగరు, మొదటి నెలల్లో వచ్చిన రుబెల్లా, కొన్ని రకాల ఫిట్స్ మందులు ముప్పును కొంత పెంచుతాయి. కొందరిలో జన్యువుల్లో తేడా దొరుకుతుంది. ఎక్కువమందిలో ఫలానా కారణమని చెప్పడానికి ఏమీ ఉండదు. బరువెత్తినందుకు, మెట్లెక్కినందుకు, ఏడ్చినందుకు ఏ బిడ్డ గుండెకూ రంధ్రం పడదు. ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే భర్తే ముందుకొచ్చి ఆపాలి. బాలింత మీద ఆ నింద పడనివ్వకండి.

లోపం పేరు కాగితం మీద రాయించుకోండి

"గుండెకు రంధ్రం" అన్న ఒక్క మాటతో ఊరుకోవద్దు. కింది గదుల మధ్య గోడలో ఉంటే వీఎస్‌డీ, పై గదుల మధ్య అయితే ఏఎస్‌డీ, పుట్టగానే మూసుకోవలసిన నాళం తెరుచుకునే ఉంటే పీడీఏ. వీఎస్‌డీ అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. కండ భాగంలో ఉండే చిన్న వీఎస్‌డీలు చాలావరకు మొదటి రెండు మూడేళ్లలో వాటంతటవే మూసుకుపోతాయి. డాక్టరు "చూద్దాం" అన్నారంటే చాలాసార్లు దానికోసం ఆగుతున్నారని అర్థం, నిర్లక్ష్యం చేస్తున్నారని కాదు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో (నాలుగు లోపాలు కలిసి ఉండటం), పెద్ద రక్తనాళాలు తారుమారు కావడం లాంటివి వేరే వర్గం. వాటిలో శరీరానికి వెళ్లే రక్తంలో ఆక్సిజన్ తగ్గి బిడ్డ నీలంగా కనిపించవచ్చు.

డాక్టరును ఇవి అడగండి: లోపం పేరేమిటి? ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువ వెళ్తోందా, తక్కువా? ఆక్సిజన్ ఎంత ఉంటే మా బిడ్డకు మామూలు? ఆపరేషన్ కావాలా, కావాలంటే ఎప్పుడు, ఈలోపు దేనికోసం ఆగుతున్నాం? జన్యుపరీక్ష అవసరమా? రాత్రి రెండు గంటలకు భయమేస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఆక్సిజన్ సంగతి మరీ ముఖ్యం. ఒకే పంపుగది ఉన్న గుండెతో పుట్టి, మొదటి ఆపరేషన్ అయిన బిడ్డకు 75 నుంచి 85 శాతం ఉండటమే చాలాసార్లు సరైన లెక్క. ఇది తెలియని కొత్త డాక్టరు ఆ అంకె చూసి కంగారుపడవచ్చు. మీ ఫైల్లో మొదటి పేజీ మీదే అది పెద్ద అక్షరాలతో ఉండాలి.

"పుట్టినప్పుడు బాగానే ఉంది, నెల తిరిగేసరికి ఇలా అయిందేమిటి" అని చాలామంది అడుగుతారు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి రంధ్రం గుండా రక్తం పెద్దగా మళ్లదు. వారాలు గడిచేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గుతుంది, రక్తం ఊపిరితిత్తుల్లోకి వరదలా పోతుంది. పెద్ద వీఎస్‌డీ ఉన్న బిడ్డకు నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆయాసం మొదలవడం ఇందుకే. మీరు ఏదో సరిగ్గా చూసుకోలేదని కాదు.

ఊపిరి లెక్క

ఇది నేర్చుకుంటే "ఇవాళ ఆయాసంగా ఉందా, నాకే అలా అనిపిస్తోందా" అన్న సందేహానికి మీ దగ్గరే జవాబు ఉంటుంది. బిడ్డ నిద్రపోతున్నప్పుడు, పాలు తాగి అరగంటైనా అయ్యాక లెక్కపెట్టండి. చొక్కా పైకి జరపండి, పసిపిల్లల ఊపిరి కనిపించేది పొట్ట దగ్గరే. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. టైమర్ పెట్టుకుని పూర్తిగా 60 సెకన్లు చూడాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. ఎందుకంటే పసిబిడ్డ గబగబా కొన్ని ఊపిర్లు తీసి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ చిన్న విరామం మామూలే. 20 సెకన్లు దాటి ఆగినా, ఆగినప్పుడు రంగు మారినా మామూలు కాదు, వెంటనే అంబులెన్స్ పిలవాలి.

మొదటి రెండు నెలల్లో నిమిషానికి 30 నుంచి 60 వరకు ఉంటుంది. రోజూ ఒకే వేళకు చూసి నోట్‌బుక్‌లో రాయండి. వారం తిరిగేసరికి మీ బిడ్డకు మామూలుగా ఎంత ఉంటుందో తెలిసిపోతుంది. 60 దాటితే పది నిమిషాలాగి మళ్లీ చూడండి, అప్పుడూ దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. 60 లోపే ఉన్నా, రోజూ 42 ఉండేది రెండు రోజులుగా 56 ఉంటోందంటే అదీ చెప్పాల్సిన సంగతే. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నా ఇక లెక్కతో పనిలేదు, ఆస్పత్రికి బయల్దేరండి.

పాలు, బరువు

పసిబిడ్డ చేసే పనులన్నిటిలో కష్టమైనది పాలు తాగడమే, అందుకే గుండె ఇబ్బంది అక్కడే ముందు బయటపడుతుంది. తాగుతుంటే నుదుటి మీద చెమట పట్టడం, నాలుగు గుక్కలు తాగి ఆగి రొప్పడం, ఆకలి తీరకుండానే నిద్రలోకి జారుకోవడం, అరగంట దాటినా పాలు అవకపోవడం గమనించాల్సినవి.

రెండు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పట్టండి. తల, ఛాతీ ఎత్తుగా ఉండేలా ఒళ్లో పట్టుకోండి. మధ్యలో ఆపి త్రేన్పు తీయించండి, ఆ విరామమే బిడ్డకు విశ్రాంతి. అరగంట దాటితే ఆపేయడం మేలు, ఆపైన తాగే పాలలోని శక్తి ఆ తాగడానికే ఖర్చయిపోతుంది. గుండె లోపం ఉన్నా చాలామంది పిల్లలు రొమ్ము పాలు చక్కగా తాగగలరు. తాగలేకపోతే ఆ పాలే పిండి తీసి పట్టవచ్చు.

మామూలు పసిబిడ్డకు కిలో బరువుకు రోజుకు సుమారు 100 కేలరీలు చాలు. ఆయాసపడే బిడ్డకు 120 నుంచి 150 వరకు కావలసి వస్తుంది. అందుకే డాక్టర్లు పాలలో బలం పెంచే పొడి కలపమంటారు. కొలత వాళ్లు చెప్పిందే. త్వరగా బరువు రావాలని డబ్బాపాల పొడి ఒక చెంచా ఎక్కువ వేస్తే విరేచనాలు పట్టుకుంటాయి, మూత్రపిండాల మీద భారం పడుతుంది. నీళ్లు ఎక్కువ కలిపితే ఇంకా ప్రమాదం: బలం తగ్గడమే కాదు, రక్తంలో ఉప్పు పడిపోయి ఫిట్స్ రావచ్చు.

ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేస్తామన్నారంటే మీరు ఓడిపోయినట్టు కాదు. ఆ గొట్టమే చాలామంది పిల్లల్ని ఆపరేషన్‌కు తగిన బరువుకు చేర్చేది. ప్రతిసారీ పాలు పోసేముందు నర్సు నేర్పిన పద్ధతిలో అది పొట్టలోనే ఉందో లేదో చూసుకోవాలి. ముక్కు దగ్గర గుర్తు జరిగినా, బిడ్డ దగ్గుతున్నా పోయకండి.

మొదటి మూడు నెలల్లో రోజుకు సగటున 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. వారానికొకసారి, అదే తూకం మీద, బట్టల్లేకుండా, పాలకు ముందు తూచండి. రోజూ తూచితే అనవసరమైన ఆందోళనే. డాక్టరు ప్రత్యేకంగా చెబితే సరే. ఒక్కరోజులో బరువు అమాంతం పెరిగి, కళ్లచుట్టూ ఉబ్బు కనిపిస్తే అది ఒళ్లు చేయడం కాదు, ఒంట్లో నీరు చేరుతోంది.

మందులు

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడ. డాక్టరు మిల్లీగ్రాముల్లో చెబుతారు, సిరంజి మీద మిల్లీలీటర్లు ఉంటాయి. ఒక మి.లీ.లో 10 మి.గ్రా. ఉన్న సీసాలోంచి 4 మి.గ్రా. డోసంటే 0.4 మి.లీ. అదే మందు వేరే సీసాలో మి.లీ.కు 4 మి.గ్రా. ఉంటే పూర్తిగా 1 మి.లీ. పట్టాలి. పేరు ఒకటే, సీసా మారింది, లెక్క మారింది. కాబట్టి కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ మీది బలం పాతదానితో సరిచూడండి. తేడా ఉంటే ఫోన్ చేసి అడిగాకే పట్టండి. చీటీ మీద 0.4 ను 4 అని చదివితే పదింతలు పోతుంది, అందుకే సిరంజి మీద ఆ గీత దగ్గర రంగు టేపు అంటించండి.

చెంచాతో కాదు, 1 మి.లీ. సిరంజితో పట్టండి. గాలిబుడగలు పోగొట్టి, బుగ్గ లోపలి వైపుకు కొద్దికొద్దిగా వదలండి. పాలసీసాలో కలపొద్దు, సగం మిగిలితే ఎంత మందు పోయిందో తెలియదు. కక్కితే మళ్లీ పట్టాలా వద్దా అన్నది మందును బట్టి ఉంటుంది, ఇంటికి వెళ్లేముందే ఒక్కో మందుకూ అడిగి రాసుకోండి. గుండె బలంగా కొట్టుకోవడానికి ఇచ్చే డిగాక్సిన్ మాత్రం కక్కినా మళ్లీ పట్టకూడదు. అది ఒంట్లో ఎక్కువైతే వాంతులు, పాలు మానేయడం, గుండె వేగం తగ్గడం కనిపిస్తాయి. ఏ మందైనా ఒక డోసు మరిచిపోతే తర్వాత రెట్టింపు వేయకండి. ఒంట్లో చేరిన నీటిని తీసే ఫ్యూరోసెమైడ్ వాడే బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నీరు త్వరగా తగ్గిపోతుంది, ఆ రోజే ఫోన్ చేయాలి. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ వాడే బిడ్డ పాలు తాగకపోతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కాబట్టి డాక్టరుతో మాట్లాడకుండా తర్వాతి డోసు వేయకండి. జ్వరానికి ఐబుప్రొఫెన్ సొంతంగా వాడొద్దు.

నీలంగా మారితే

చేతులు, పాదాలు, పెదాల చుట్టూ ఉన్న చర్మం చలికి నీలంగా ఉండటం పసిపిల్లల్లో మామూలే. చూడాల్సింది నాలుక, చిగుళ్లు, పెదాల లోపలి వైపు. ఏ చర్మపు రంగు బిడ్డకైనా అక్కడే నిజం తెలుస్తుంది, పగటి వెలుతురులో చూడండి.

టెట్రాలజీ ఉన్న పిల్లల్లో కొన్నిసార్లు ఉన్నట్టుండి నీలం ముదురుతుంది. ఎక్కువగా పొద్దున్నే లేచాక, గుక్కపట్టి ఏడ్చాక, విరేచనానికి ముక్కాక వస్తుంది. ఊపిరి వేగంగా, లోతుగా తీస్తుంది, ఓదార్చినా ఊరుకోదు, తర్వాత వాడిపోతుంది. అప్పుడు బిడ్డను భుజానికి ఆనించుకుని, రెండు మోకాళ్లనూ మడిచి బిడ్డ రొమ్ముకే దగ్గరగా నొక్కిపట్టండి. దానివల్ల ఒంట్లోని నాళాల్లో ఒత్తిడి పెరిగి, ఊపిరితిత్తుల వైపు ఎక్కువ రక్తం మళ్లుతుంది. మెల్లగా మాట్లాడుతూ ఉండండి, ఇంకొకరు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. తగ్గిపోయినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, ఒకసారి వచ్చిందంటే ఆపరేషన్ అనుకున్నదానికంటే త్వరగా చేయవలసి రావచ్చు. ఈ పిల్లలకు వాంతులు, విరేచనాలు వచ్చినప్పుడు ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు.

బిడ్డ ఒళ్లు వదిలేసినా, లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగినా ఏం చేయాలో, అంటే పసిపిల్లలకు చేసే సీపీఆర్ (ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి ఊదే ప్రథమ చికిత్స), ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేముందే నేర్పించమని అడగండి. తల్లి ఒక్కరే కాదు, ఇంట్లో బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి.

టీకాలు, పళ్లు

గుండె లోపం ఉందని టీకాలు మానేయకూడదు. ఈ పిల్లలకు జలుబు, దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగితే తట్టుకోవడం కష్టం, కాబట్టి వీళ్లకే ఇంకా అవసరం. ఆర్ఎస్‌వీ అనే, ఊపిరితిత్తులకు సోకే వైరస్ నుంచి కాపాడే ఇంజెక్షన్ గురించి అడగండి. ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా వేయించండి, ఇంట్లో పెద్దవాళ్లూ వేయించుకోండి. ఆపరేషన్‌లో రక్తం ఎక్కిస్తే తట్టు టీకా లాంటివి కొన్ని నెలలు వాయిదా వేస్తారు. మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే తోమాలి, నోటిలోని క్రిములు రక్తంలోకి వెళ్లి గుండె లోపలి పొరకు పట్టుకునే ప్రమాదం ఉంది. పంటి చికిత్సకు ముందు యాంటీబయాటిక్ కావలసింది కొన్ని రకాల లోపాలకే. మీ బిడ్డ వాటిలో ఉందా అని డాక్టరును అడగండి.

ఆపరేషన్ అయితే

ఐసీయూలో మొదటిసారి చూసేటప్పుడు కాళ్లు వణకడం సహజం. నోట్లో వెంటిలేటర్ గొట్టం, రొమ్ము పక్కన రక్తం, నీరు బయటికి తెచ్చే గొట్టాలు, మెడలోనో తొడలోనో సన్నని లైన్లు, ఉబ్బిన మొహం ఉంటాయి. పుట్టి కొద్దిరోజులే అయిన బిడ్డకు వాపు తగ్గేవరకు రొమ్మును ఒకటి రెండు రోజులు మూయకుండా కవర్‌తో ఉంచడం కూడా ఉంది, దాన్ని చూసి ఏదో తప్పు జరిగిందనుకోవద్దు. నర్సు సరేనంటే వేలు బిడ్డ గుప్పిట్లో పెట్టండి, మాట్లాడండి.

ఇంటికొచ్చాక సుమారు ఆరు వారాలు, లేదా సర్జన్ చెప్పినంతకాలం, చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. రొమ్ము ఎముక అతకాలి కదా. ఒక చెయ్యి మెడ, తల కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. బోర్లా పడుకోబెట్టి ఆడించడం ఎప్పటినుంచో అడగండి, నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. గాయం ఆరేదాకా నీళ్లలో ముంచొద్దు. కుట్ల దగ్గర ఎరుపు, చీము, కొత్తగా ఎముక కదులుతున్నట్టు శబ్దం, 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం ఏది కనిపించినా అదే రోజు వెళ్లాలి. గాయం శుభ్రంగా ఉండి రెండు మూడు వారాల తర్వాత జ్వరం, చిరాకు, పాలు మానడం కనిపించినా ఊరుకోవద్దు, గుండె చుట్టూ నీరు చేరి ఉండవచ్చు.

పసితనంలోనే పెద్ద ఆపరేషన్ అయిన పిల్లలు మెడ నిలపడం, కూర్చోవడం, మాట్లాడటం కొంత ఆలస్యం కావచ్చు. ఎదుగుదల పరీక్షలకు తీసుకెళ్లండి, ముందే పట్టుకుంటే ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ బాగా పనిచేస్తాయి.

తల్లికి నిద్ర ఉండాలి. మందులు, గొట్టం, ఊపిరి లెక్క ఇంకొకరికి కూడా నేర్పి, రాత్రుళ్లు వంతులు వేసుకోండి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ దగ్గరికి వెళ్లాలనే అనిపించకపోతే, అది కూడా డాక్టరుతో చెప్పాల్సిన సంగతే. మరో బిడ్డ కావాలనుకుంటే ఆ ఆశ వదులుకోనక్కర్లేదు. ఒక బిడ్డకు లోపం ఉన్న చాలా కుటుంబాల్లో మళ్లీ వచ్చే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే. జన్యు కారణం తేలితే అది మారుతుంది, కాబట్టి గర్భం రాకముందే సలహా తీసుకోండి, గర్భం వచ్చాక 18 నుంచి 22 వారాల మధ్య గర్భస్థ శిశువు ఎకో చేయించుకోండి.